చేతులు నావి, చెవులు మామయ్యగారివి

పికప్ అంటే నాకు తెలిసింది ఫోన్ ఎత్తడం, లేదంటే సాయంత్రం స్కూలు దగ్గర పిల్లల్ని బండి ఎక్కించుకోవడం. ఎలక్ట్రిక్ గిటారుకి కూడా పికప్‌లు ఉంటాయనీ, అవి పోతే గిటారు ఉండీ మూగదైపోతుందనీ మొన్న వేసవిలో తెలిసింది. తెలియడమే కాదు, మూడు పికప్‌లు నా చేత్తో మార్చాను కూడా. మీలో ఎవరింట్లోనైనా గిటారు పిల్లలుంటే పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా పెద్దమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీలో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో గిటారు కొనుక్కుంది. తీగల కింద తెల్ల ప్లాస్టిక్ పలక, దానిలో అడ్డంగా మూడు చిన్న డబ్బీలు. అవే పికప్‌లు. పక్కనే ఒక స్విచ్. దాన్ని అయిదు చోట్ల ఆపొచ్చు, ఒక్కో చోట ఒక్కో గొంతు. ఏప్రిల్‌లో ఒకరోజు చివరి చోట గొంతు పోయింది. మిగతా చోట్ల పలుకుతోంది గానీ ఒకటే గుయ్యిమనే రొద. రిపేరు షాపుకి తీసుకెళ్తే "రెండు వారాలు వదిలి వెళ్ళండి, లోపలంతా మార్చాలి" అన్నారు. చెప్పిన ఖర్చు వింటే గిటారు ధరలో సగం ఉంది.

"తాతయ్య ఉండగా షాపెందుకు?" అంది మా అమ్మాయి.

మామయ్యగారికి విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక సందులో రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. ముప్పై అయిదేళ్ళు నడిపారు. షాపు ఎత్తేశాక కొన్నాళ్ళకి చేతుల్లో వణుకు మొదలైంది. మందులు వాడుతున్నారు, కాస్త తగ్గింది, పోలేదు. సామాన్ల పెట్టె మంచం కిందకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. నేను సగం దాకానే పోస్తాను. ఆయన ఇంకా పొయ్యమని అడగరు. ఈ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

మనవరాలు అడిగేసరికి "నా చెయ్యి నిలవదమ్మా, షాపులోనే ఇచ్చెయ్" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అది చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున నేను కూర తరుగుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "అమ్మాయ్, నువ్వు మగ్గం మీద జర్దోసీ కుడతావు కదా. సూది కొస దగ్గర నీ చెయ్యి కదలదు. నేను చెప్తాను, నువ్వు చేస్తావా?" అన్నారు.

పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయన నన్ను ఏదీ అడగలేదు. చేస్తానన్నాను.

ముందు రోగం కనిపెట్టడం. పెట్టెలోంచి పాత ముల్లు మీటరు తీయించారు. రెండు పికప్‌లకి పెడితే ముల్లు కదిలి ఆరు వేల ఓమ్‌ల దగ్గర ఆగింది. మూడోదానికి అసలు కదల్లేదు. "లోపల తీగ తెగింది" అన్నారు. వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ అది. అయస్కాంతాల చుట్టూ దాదాపు 8,000 చుట్లు ఉంటుంది. కొసన అతుకు దగ్గర చెమ్మకి పచ్చ తుప్పు పట్టినా చాలు, తెగిపోతుంది.

మా అమ్మాయి, నేను ఇద్దరం అడిగాం, అసలిది ఎలా పలుకుతుందని. పికప్ మైకులాంటిది కాదట. గాలిలో శబ్దాన్ని అది వినదు. పైన ఉక్కు తీగ ఊగితే కింద అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకి రాగి చుట్టలో కాస్తంత కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. అందుకే ఈ గిటారుకి నైలాన్ తీగలు కడితే పలకదు. మరి గుయ్యిమనే రొదో? మన ఇంటి కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, రాగి చుట్ట ఆ ఊపుని కూడా పట్టేసుకుంటుంది. తీగల మీద చెయ్యి వేస్తే రొద తగ్గింది. "ఎర్త్ వైరు బాగానే ఉంది" అన్నారు. గిటారు పట్టుకుని పక్కకి తిరగమంటే ఇంకా తగ్గింది. ట్యూబ్‌లైటు ఆర్పితే మరి కాస్త. వైద్యుడు నాడి చూసినట్టే చూశారు.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో మా అమ్మాయి మూడు పికప్‌ల సెట్టు తెప్పించింది. అందులో మధ్యది ప్రత్యేకం. దాని చుట్టు ఎదురు, అయస్కాంతం కూడా ఎదురు. దాన్ని పక్కదానితో కలిపి వాయిస్తే రెండింటి రొదా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పాట మాత్రం నిలుస్తుంది. ఇదే ఉపాయంతో రెండు చుట్టల్ని ఒకే పికప్‌లో పెట్టి 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెథ్ లవర్ హమ్‌బకర్ తయారు చేశాడట.

వాళ్ళ కబుర్లలో నాకు బాగా నచ్చింది మాత్రం వేరే పేరు. అబిగైల్ ఇబార్రా. కాలిఫోర్నియాలో ఫెండర్ ఫ్యాక్టరీలో 1956లో చేరి, 2013లో రిటైరయ్యేదాకా పికప్‌లు చుట్టిన ఆవిడ. మిషను తిరుగుతుంటే తీగని వేళ్ళ మధ్య నడిపిస్తూ చుట్టేది. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే గొంతు మారుతుంది. ఆవిడ చుట్టినవాటి అడుగున తన పేరు పొడి అక్షరాలు రాసేదట, అవంటే గిటారు వాళ్ళు ప్రాణం పెడతారట. పాట విన్నవాళ్ళకి వాయించినవాడి పేరే తెలుస్తుంది. లోపల ఒకావిడ వేళ్ళున్నాయని ఎవరనుకుంటారు? మనం వండిన పులిహోర అందరూ మెచ్చుకుని గుడికి దణ్ణం పెట్టినట్టు.

ఆదివారం మధ్యాహ్నం కుట్టుమిషను బల్ల కిటికీ దగ్గరికి జరిపాం. అన్నం తినే బల్ల వద్దన్నారు మామయ్యగారు. లెడ్డులో సీసం ఉంటుంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పొగ పీల్చకూడదు. ముందు ఒక పాత బోర్డు మీద నా చేత పది అతుకులు పెట్టించారు. "బిట్టుతో అతుకుని వేడి చెయ్యి, లెడ్డుని కాదు. వేడెక్కిన చోట లెడ్డు తనే పరుచుకుంటుంది. మెరిస్తే మంచి అతుకు. మసకగా ఉంటే పట్టనట్టే." బూరెలకి నూనె కాగిందో లేదో చూసుకోవడం లాంటిదే అనుకున్నాను.

గిటారు వైరు ఊడదీసి, తీగలు వదులు చేసి తీసేశాం. పలకకి పదకొండు స్క్రూలు. పాత ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టాను. విప్పే ముందు లోపలి వైర్లని మా అమ్మాయి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది. ఇది మాత్రం ఎవరూ మర్చిపోకండి. ఒక్కో పికప్‌కి రెండు వైర్లు. తెల్లది స్విచ్‌కి, నల్లది వాల్యూమ్ పాట్ వీపు మీదకి. అంటే ఆరు అతుకులు, అంతే. పాట్ వీపు మందపాటి రేకు, వేడిని మింగేస్తుంది. అలాగని చాలాసేపు బిట్టు ఆనిస్తే లోపల పాడవుతుంది.

నాలుగో అతుకు దగ్గర వైరు పక్కకి జారుతుంటే మామయ్యగారు అలవాటుగా చెయ్యి చాపారు. ఆ చెయ్యి వైరు దగ్గరికి వచ్చి వణికింది. మా అమ్మాయి చూసింది. నేనూ చూశాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకున్నారు. ఏమనాలో తోచక "పేస్టు ఇంకొంచెం వెయ్యమంటారా?" అని అడిగాను. ఒక్క నిమిషం ఆగి "వద్దు, సరిపోతుంది. కానీ" అన్నారు.

అన్నీ బిగించాక యాంప్ పెట్టి, స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో పికప్‌నీ తట్టమన్నారు. టక్, టక్, టక్. మూడూ పలికాయి. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆయన మాత్రం "ఇంకా అవలేదు" అన్నారు.

అసలు పని అక్కడ మొదలైంది. మూడు పికప్‌లూ ఒకే ఎత్తులో ఉండకూడదట. మెడ వైపు తీగ ఎక్కువ ఊగుతుంది, అక్కడ పికప్ కిందకి ఉండాలి. వంతెన వైపు తక్కువ ఊగుతుంది, పైకి ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి స్వరాన్ని వంకర చేస్తుంది. మా అమ్మాయి వాయిస్తోంది. నేను స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "మెడ దగ్గరది అరచుట్టు దింపు. లావు తీగ వైపు ఇంకో పావు. ఆఁ, ఎక్కువైంది, వెనక్కి తిప్పు." నాకూ మా అమ్మాయికీ తేడా తెలియని చోట ఆయనకి తెలుస్తోంది. ముప్పావుగంట సేపు ఆ ముఖంలో షాపు రోజుల మనిషి కనిపించాడు. వణుకు చేతుల దగ్గరే ఆగిపోయింది, చెవిదాకా రాలేదు.

రొద మొత్తం పోయిందా అంటే పోలేదు. రెండు పికప్‌లు కలిసే రెండో చోటా, నాలుగో చోటా బాగా తగ్గింది. మిగతా మూడు చోట్లా కాస్త ఉంది. "ఈ జాతి పికప్ గొంతే అంత, గొణుగుతూ పాడుతుంది" అన్నారు మామయ్యగారు. మా ఆయన "మీ అమ్మలాగా" అన్నారు కూతురితో. ఆయనకి ఆ పూట టీ ఆలస్యమైంది.

తీసేసిన మూడింట్లో బాగున్న రెండు పికప్‌లూ మామయ్యగారు హార్లిక్స్ సీసాలో వేయించి, పెట్టెలో పెట్టించారు. ఆ పెట్టె ఇప్పుడు మంచం కింద లేదు. కుట్టుమిషను పక్కన, నా జర్దోసీ డబ్బాల మీద ఉంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర, అటకెక్కిన అత్తయ్యగారి రేడియో మాటెత్తారు. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "రేపు నీ పని తెమిలాక చూద్దామా అమ్మాయ్?" అన్నారు.

మధ్యాహ్నం రెండింటికల్లా తెముల్తుందని చెప్పాను.