బోరుబావిలో జారిన పంపు

చేదబావులు వాడుకలో నున్న దినములలో వీధికి ఒకటి రెండు ఇండ్లయందైనను పాతాళభేది యను సాధనము ఉండెడిది. ఇనుపకొక్కెములను గుత్తిగా నమర్చిన ఆ పనిముట్టును త్రాటికి కట్టి నూతిలోనికి దింపి, జారిపడిన చేదను గాని బిందెను గాని పైకి తీయుచుండిరి. లేనివారు ఉన్నవారి నడిగి తెచ్చుకొని, పని తీరినంతనే మరల నిచ్చుట ఆచారము. నేడు అనేక గ్రామములలో చేదబావులు ఎండిపోయినవి. వాని స్థానమున బోరుబావులు వచ్చినవి. ఆరున్నర అంగుళముల వెడల్పును, వందలకొలది అడుగుల లోతును గల ఆ రంధ్రములోనికి మనుష్యుడు దిగజాలడు. అట్టిదానిలో విద్యుత్పంపు జారిపడినయెడల దానిని పైకి తీయుట యెట్లో, 2024వ సంవత్సరపు వేసవిలో మా యింట జరిగిన పనినిబట్టి చదువరులకు నివేదింపదలచితిమి.

మాది అనంతపురము జిల్లా. ఇచ్చట సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. నేల క్రింద కఠినశిల పరచుకొని యున్నది. నీరు ఇసుకనేలలోవలె అంతటను వ్యాపింపక, రాతి పగుళ్ళలో మాత్రమే నిలిచియుండును. కావున ఒకచోట 300 అడుగులకు నీరు పడగా, దానికి పది గజముల దూరమున 600 అడుగులు తొలిపించినను రాతిపొడియే రావచ్చును. మా బోరులో పైనున్న మెత్తని నేల దాటువరకు కేసింగు గొట్టమును దింపిరి. దాని క్రింద రాయియే గోడ. ఇరువది అడుగుల ఇనుపగొట్టములు పదమూడింటిని ఒకదాని కొకటి మరలతో బిగించి, 260 అడుగుల లోతున పంపును వ్రేలాడదీసి యుంచిరి. మా యింటివారమే గాక వీధిలోని నాలుగు కుటుంబములవారు మా వాకిటి కొళాయి వద్దనే బిందెలు నింపుకొనుచుండిరి.

మార్చి నెలలో నీరు సన్నగిల్లెను. పంపును మరమ్మతు చేయుటకై పనివారు వచ్చి, ముక్కాలు నిలిపి, గొలుసుకప్పీతో గొట్టములను పైకి లాగుచుండిరి. రెండు గొట్టములు విప్పి మూడవదానిని లాగుచుండగా గొలుసు ఒక్కసారిగా తేలికపడెను. భూగర్భమునుండి దూరపు ఉరుమువంటి ధ్వని వినవచ్చెను. మిగిలిన గొట్టములను తీసి చూడగా పదియే వచ్చినవి. మూడు గొట్టములతో పంపు అడుగునకు పోయినది. పదవ గొట్టపు కొనను మర త్రుప్పు పట్టి అరిగియుండెను. ఆధారముగా కట్టిన నైలాను త్రాడు కేసింగు అంచున రాచుకొని అంతకు మున్నే తెగియుండెను. మోటారు తిరుగ నారంభించిన ప్రతిసారియు దాని చట్రము ఎదురుదిశకు మెలిపడజూచును. ఆ మెలి గొట్టములకు సంక్రమించి, ఏండ్ల తరబడి మరలను అరుగదీయును. త్రుప్పు దానికి తోడైనప్పుడు అతుకు నిలువదు.

ఇంక ఏమి చేయవలెనని పెద్దలు ఆలోచింపసాగిరి. వేరొక బోరు వేయింపుడని కొందరనిరి. అందులకు ధనము కావలెను. 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టమునుబట్టి అనుమతి కావలెను. అవి రెండును లభించినను నీరు పడునను నమ్మకము లేదు. బలమైన కొక్కెమును దింపి ట్రాక్టరుతో లాగించుట మేలని పొరుగువారొకరు చెప్పిరి. పడినదానిని అట్లే విడిచి, దానిపైన 240 అడుగుల వద్ద క్రొత్త పంపును వ్రేలాడదీయుదమని మా తండ్రిగారు తలపోసిరి. అప్పుడు మా అవ్వ, "నిరుటి వేసవిలో నీరు 235 అడుగులకు దిగిన సంగతి మరచితివా, నాయనా? పంపు మునుగనిది ఎట్లు పనిచేయును?" అని యడిగినది. ఆ మాట సత్యము. చుట్టునున్న నీరే మోటారును చల్లబరచును. నీరు తగ్గినచో అది కాలిపోవును. నాలుగు ఇండ్ల దాహము ఆ ఐదడుగుల నీటిపై ఆధారపడరాదని మా తండ్రిగారు ఒప్పుకొనిరి.

మరునాడు పొరుగూరినుండి వృద్ధుడగు మేస్త్రీ యొకరు వచ్చిరి. ఆయన గొలుసును ముట్టక, "అవ్వా, ఈ బోరు లోతెంత?" అని మొదట అడిగిరి. ఒకరు 300 అనిరి. మరియొకరు 350 అనిరి. మా అవ్వ లోనికి పోయి, తన పెట్టెలోనుండి 2009వ సంవత్సరమున బోరు వేసిననాటి చీటిని తెచ్చి యిచ్చినది. అందు 320 అడుగులని యుండెను. మేస్త్రీగారు మావైపు తిరిగి, "పిల్లలారా, చదువుకొన్నవారు గదా! లెక్క కట్టుడు" అనిరి. మూడు గొట్టములు 60 అడుగులు, పంపును మోటారును కలిసి 4 అడుగులు, మొత్తము 64. దానిని 320నుండి తీసివేయగా 256 వచ్చినది. పడిన గొట్టపు తల 256 అడుగుల వద్ద నుండవలెనని చెప్పితిమి.

ఆయన గుర్తులు పెట్టిన త్రాటికి ఇనుపగుండు కట్టి దింపగా అది 248 అడుగులకే ఆగినది. లెక్క తప్పినదని మేము చిన్నబోయితిమి. "లెక్క తప్పలేదు. ఎనిమిది అడుగులు ఎక్కడికి పోయినవో అదియే మనము తెలిసికొనవలసినది. తెగిన విద్యుత్తీగ గొట్టము తలపై చుట్టుకొని యుండవచ్చును, అడుగున పూడిక చేరి యుండవచ్చును" అని మేస్త్రీగారు చెప్పిరి. పాతాళభేదివంటి చిన్న కొక్కెమును దింపి మెల్లగా త్రిప్పి లాగగా తీగ చిక్కినది. గొట్టమునకు కట్టిన ముడివరకు వచ్చి అచ్చట తెగినది. మరల గుండును దింపగా 250 అడుగులకు ఆగినది. రెండడుగులు తీగచుట్ట, తక్కిన ఆరడుగులు పూడిక. పంపు ఆరడుగుల బురదపై కూర్చుండియుండుటో, దానిలో కూరుకొనియుండుటో జరిగినదని తేలెను. ట్రాక్టరుతో లాగియుండినచో గొట్టము మరియొక అతుకు వద్ద తెగి, బోరు శాశ్వతముగా మూతపడియుండెడిదేమో!

తరువాత ఆయన చేసిన పని మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది. ఒక గొట్టపు కొనకు బట్టల సబ్బు ముద్దను దట్టముగా మెత్తి, దానిని దింపి, గొట్టము తలపై మెల్లగా ఆనించి పైకి తీసిరి. సబ్బు మీద ఒక ప్రక్కగా నెలవంకవంటి మందమైన గుర్తు పడియుండెను. గుర్తు మందముగా నున్నందున గొట్టము తలకు సాకెట్టు బిగిసియే యున్నదనియు, ప్రక్కగా నున్నందున గొట్టము రాతిగోడకు ఒరిగి యున్నదనియు మాకు వివరించిరి. కంటికి అందని చోటును ఆయన సబ్బుముద్దతో చదివిరి.

ఆ రాత్రి కమ్మరపు కొట్టులో ఒక పనిముట్టును చేయించిరి. దాని నోరు గంటవలె విచ్చుకొని యుండును. ఒరిగిన గొట్టమును నడిమికి చేర్చుకొనును. లోపల ఉక్కుపట్టీలు వాలుగా నమరి, సాకెట్టును పైకి పోనిచ్చి, మరల క్రిందికి జారనీయవు. మరునాడుదయమున కంప్రెసరు గొట్టమును దింపి గాలి ఊదించిరి. ఎఱ్ఱని బురదనీరు పైకి చిమ్మెను. జాములకొలది ఊదినపిమ్మట గాని నీరు తేటపడలేదు.

మధ్యాహ్నమున పనిముట్టును గొట్టములకు బిగించి దింపిరి. తొలిసారి వట్టిదే వచ్చినది. రెండవసారి లోపల చిన్న చప్పుడు వినబడెను. దింపిన గొట్టముల బరువు సుమారు 240 కిలోలు. పడినవాని బరువు సుమారు 90 కిలోలు. గొలుసు లాగు చేతికి తోచు బరువే చిక్కినదో లేదో చెప్పవలెను. మేస్త్రీగారు నాలుగంగుళములు లాగి, రెండంగుళములు విడిచి, మరల లాగుచు పావుగంట గడపిరి. చూచువారు తొందరపెట్టుచుండిరి, ఆయన మారుపలుకలేదు. తుదకు గొలుసు సాఫీగా కదలసాగెను. ప్రొద్దు క్రుంకువేళకు బురద పూసుకొని పంపు బయటికి వచ్చినది. మరమ్మతు జరిగి నీరు వచ్చిన దినమున మా అవ్వ తొలిచెంబును మేస్త్రీగారి చేతికే ఇచ్చినది.

పంపును మరల దింపునప్పుడు అరిగిన గొట్టములను విడిచిరి. మెలిని ఆపుటకు రబ్బరు అడ్డులు తొడిగిరి. నైలానుకు బదులు ఉక్కుత్రాటిని కట్టి, అది రాచుకొను అంచును నునుపు చేసిరి. పని జరిగిన ప్రతి రాత్రియు మేస్త్రీగారు బోరు మూతిపై బండ పరచి, పిల్లలు చేరకుండ ముళ్ళకంప వేయించిరి. నోరు తెరచియున్న బోరులలో శిశువులు పడి మరణించుటచే, 2010వ సంవత్సరమున సుప్రీముకోర్టు బోరు పనుల చుట్టును కంచె వేయవలెననియు, మూతిని ఉక్కుపలకతో బిగింపవలెననియు, విడిచిన బోరులను పూడ్చవలెననియు ఆదేశించినది. పంపు పోయినచో మరియొకటి కొనవచ్చును గాని, బిడ్డను కొనలేము.

ఆ మూడు దినములలో బలము చేసిన పని స్వల్పము. కొలత చేసిన పని అధికము. కొలతకు ఆధారము పదునైదేండ్లు పెట్టెలో దాచిన చిన్న చీటి. ఇప్పుడు మా పంపుగది తలుపుపై బోరు లోతు, గొట్టముల సంఖ్య, పంపు దింపిన తేదీ రంగుతో వ్రాసియున్నవి. చదువరులగు బాలబాలికలు తమ యింటి బోరు లోతెంతయో నేడే పెద్దల నడిగి వ్రాసికొందురు గాక.