వాకిట్లో కట్టని నక్షత్రం

పోయిన వారం రాసినదానికి చాలామంది ఫోన్లు చేశారు. వాటికి జవాబులు తర్వాత రాస్తాను. ఈ వారం కత్తెర, మైదా బంక, రంగుకాగితాల సంగతి.

డిసెంబర్ మూడో వారంలో రెండు రోజులు వీలు చిక్కితే సోమశిలలో మా అక్క ఇంటికి పోయాను. పోయేముందు ఆత్మకూరులో దిగి నాలుగు రంగుల గ్లాసు కాగితాలు, నూలు ఉండ కొన్నాను. వాడ పిల్లలు పదిమంది దాకా అరుగు మీదకి చేరారు. పెద్ద నక్షత్రం పెద్దవాళ్ల పని. పది వెదురు బద్దలు కావాలి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనల దగ్గరా బిగించి, నడుమ చిన్న పుల్లలు దోపితే పొట్ట ఉబ్బుతుంది. ఆ పొట్టలో బల్బు. బంకలో చిటికెడు మైలుతుత్తం కలపమని మా నాయన చెప్పేవాడు, పురుగు పట్టదని. పిల్లలు చేతులు పెడతారని నేను కలపలేదు.

పిల్లలకి పాత క్యాలెండర్ కాగితాలు ఇచ్చాను. కాగితాన్ని సగానికి మడిచి, ఆ మడత నడిమి నుంచి ఐదు సమాన భాగాలు వచ్చేట్టు విసనకర్రలా మడవాలి. ఆపైన ఏటవాలుగా ఒక్క కోత. విప్పితే ఐదు మొనల చుక్క. తిన్నగా కోసినవాళ్లకి పళ్లెం లాంటిది వచ్చింది. ఒకడు ఆ పళ్లాన్నే పట్టుకొని "ఇది చందమామ సార్" అన్నాడు. వాడికి పూర్తి మార్కులు.

కోస్తున్నంతసేపూ వాళ్లకి ఒక కథ చెప్పాను. మన నెల్లూరు జిల్లాకీ నక్షత్రానికీ పాత చుట్టరికం ఉంది. అమెరికన్ బాప్టిస్టు దొర శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఖర్చు దండగ, మూసేద్దామని 1853లో ఆల్బనీలో వాళ్ల సభలో చర్చ వచ్చింది. గోడ మీది పటంలో మిషన్లని నక్షత్రాలతో గుర్తుపెట్టారు. తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటే చుక్క. ఆ ఒంటి చుక్క మీద ఎస్.ఎఫ్. స్మిత్ రాత్రికి రాత్రే పద్యం రాశాడు, మిషన్ బతికింది. పాతికేళ్ల తర్వాత, కరువు వెన్నంటి, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువులో గంజి కోసం పోయారని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకొని వాళ్లకి పనీ కూలీ చూపించాడు. గంజి ఎవరు పోశారన్నదే చూస్తారు, అంతకుముందు ఎవరు పొయ్యలేదన్నది చూడరు.

చీకటి పడే వేళకి పెద్ద నక్షత్రం తయారైంది. వాకిట్లో కడదామని నిచ్చెన తెచ్చాను. అక్క అడ్డమొచ్చింది.

"బయట వద్దులేరా అబ్బయ్యా. లోపల కట్టు."

"లోపల కడితే ఎవరికి కనపడతాదక్కా?"

"కనపడకూడదనే. పాప కుల సర్టిఫికెట్‌కి పెట్టుండాం. విచారణకి ఈ వారంలోనే వస్తారంట."

నిచ్చెన మీదే ఆగిపోయాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా నేను క్లాసులో చెప్పేదే. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైతే మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే ఒక్క శాతం. దళిత క్రైస్తవుల్నీ చేర్చమని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది, ఉత్తర్వు మాత్రం మారలేదు. ఊళ్లో మమ్మల్ని పిలిచే పేరు మారలేదు, హోటల్లో పక్కన కూర్చున్నవాడి చూపూ మారలేదు. ఇంటి మీద కాగితం చుక్క ఉందా లేదా అన్నది మాత్రం లెక్కకొస్తుందని మా అక్క భయం. ఉత్తర్వులో నక్షత్రం మాట లేదు. ఆ మాట అక్కకి చెప్పబోయి మానుకున్నాను.

ఎందుకంటే మేనకోడలు కింద నుంచి అడిగింది. "మామా, టౌన్లో మీ ఇంటికి ఎంత పెద్దది కడతారు?"

నేను అద్దెకుండే ఇంటికి ఆరేళ్లుగా నక్షత్రం కట్టలేదు. ఇంటి ఓనరు ఎప్పుడూ ఏమీ అనలేదు. అనే అవకాశం నేనే ఇవ్వలేదు. వేదికల మీద గొంతు చించుకొనే మనిషిని, ఆ పిల్లకి "చిన్నదే" అని అబద్ధం చెప్పాను.

పెద్ద పిల్లలే దారి చూశారు. వాడ మొగదల యాపచెట్టు ఉంది. అది ఎవరి ఇల్లూ కాదు. అక్కడ కట్టి, చర్చిలోంచి వైరు లాగారు. బల్బు వెలిగితే పచ్చ కాగితం మీద బంక మరకలన్నీ కనపడ్డాయి. అక్క దూరం నుంచే చూసి, "బో బాగుండాది" అనేసి లోపలికి పోయింది.

తెల్లారి బస్సు ఎక్కేటప్పుడు మేనకోడలు క్యాలెండర్ చుక్క ఒకటి మళ్లీ మడతలేసి నా చొక్కా జేబులో పెట్టింది.

"విప్పి గేటుకి అంటించు మామా. బంక ఉండాది గదా మీ ఇంట్లో?"