గుప్పెడు మన్ను చెప్పనిది

నల్లమల కొండలకూ ఎర్రమల కొండలకూ నడుమ కుందూ నది పారే లోయలో ఎండలు ముదిరేసరికి భూమి నోరు తెరుస్తుంది. ఇది అలంకారానికి అన్న మాట కాదు. నల్లరేగడి చేలలో అరచేయి దూరేటంత నెర్రెలు విచ్చుతాయి. వాటిలోకి కర్ర దించితే ఒక్కొక్కచోట మీటరు లోతు దాకా దిగిపోతుంది. మంచి వానలు పడ్డాక అదే నేల ఉబ్బి, నెర్రెలన్నీ మూసుకుని, నడిచేవాడి చెప్పును పట్టుకుని వదలదు. ఎండకు చీలి వానకు కలిసిపోయే ఈ నేలను నమ్ముకుని అక్కడి రైతులు తరతరాలుగా బ్రతుకుతున్నారు.

అటువంటి ఒక వేసవిలో, నంద్యాల ప్రాంతపు పల్లె ఒకదానిలో, ఒక రైతు ఇంట తండ్రీకొడుకుల మధ్య పట్టుదల పెరిగింది. వారికి ఉన్నది పది ఎకరాలు. ఆరెకరాలు మిట్టమీద, నాలుగెకరాలు వంక పక్కన పల్లంలో. వంక చేనులో బోరు వేయించి వరి పెట్టాలని కొడుకు సంకల్పం. అందుకు పొలం తాకట్టు పెట్టి అప్పు తేవాలి. తండ్రి నలభై ఏళ్ళుగా వానాకాలమంతా చేనికి గుంటక తోలి, తడిని నేలలో దాచి, ఆ తడిమీదనే జొన్న, శనగ పండించినవాడు. ఆయన వద్దన్నాడే గాని, ఎందుకు వద్దో చెప్పలేకపోయాడు.

ఆ ఇంటి ఆడపడుచు వ్యవసాయశాస్త్రం చదివి, దూరపు పట్టణంలో మట్టిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నది. “అక్కనే అడుగుదాం. అక్క ఏం చెబితే అది,” అన్నాడు కొడుకు. తండ్రి సరేనన్నాడు.

ఆమె సెలవు పెట్టి వచ్చింది. విధి ప్రకారం చేనులో పది పన్నెండుచోట్ల జానెడు లోతున మన్ను తీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, రెండు తీసివేసి, చివరకు అరకిలో మన్ను గుడ్డసంచిలో కట్టుకుని వెళ్ళింది. మరుసటి రాకలో కాగితం తెచ్చింది. నేల క్షారగుణం రేగడికి ఉండవలసినంతే ఉంది. పొటాషు పుష్కలం. నత్రజని తక్కువ, జింకు మరీ తక్కువ. మొత్తంమీద సాగుకు యోగ్యమైన భూమి. కొడుకు ముఖం వికసించింది.

తండ్రి కాగితం వంక చూడలేదు. “యా చేన్లో తీసినావమ్మా మన్ను?” అని అడిగాడు.

“మిట్టచేన్లో, నాయనా. రెండూ రేగడే కదా!”

“ఆ సంచిలో వాన ఉందా తల్లీ? వాన పడితే నీళ్ళు యాటికి పోతాయో, అది ఉందా?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. చిత్రమేమంటే, చదువుకోని ఆ రైతు అడిగిన ప్రశ్నతోనే ఆమె చదివిన శాస్త్రం పుట్టింది. 1883లో రష్యన్ శాస్త్రజ్ఞుడు దొకుచాయెవ్ తన దేశపు నల్లనేలలపై వెలువరించిన గ్రంథం ఆధునిక మృత్తికాశాస్త్రానికి పునాది. నేల అంటే రాయి అరిగి ఏర్పడిన పొడి మాత్రమే కాదనీ, మూలశిల, శీతోష్ణస్థితి, జీవజాలం, నేల వాలు, కాలం, ఈ అయిదూ కలిసి కన్న బిడ్డ అనీ ఆయన ప్రతిపాదించాడు. 1941లో హాన్స్ జెన్నీ అనే శాస్త్రజ్ఞుడు ఆ అయిదింటినీ ఒక సమీకరణంగా కూర్చాడు. గుడ్డసంచిలోకి వచ్చేది ఆ బిడ్డ తల వెంట్రుక మాత్రమే. దానిని బట్టి కొంత తెలుస్తుంది, అంతా తెలియదు.

రంగును నమ్ముకున్నా మోసపోవలసిందే. దొకుచాయెవ్ వర్ణించిన రష్యా నేల నలుపు. మన రేగడీ నలుపే. అయితే అక్కడి నలుపు గడ్డి కుళ్ళి తరతరాలుగా పోగుపడిన జీవపదార్థం వల్ల వచ్చినది. మన రేగడిలో సాధారణంగా సేంద్రియ కర్బనం నూటికి ఒక పాలైనా ఉండదు. ఉన్న ఆ కొద్దిపాటి పదార్థమే బంకమట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని ఇంత నలుపు చూపుతుంది. నల్లగా ఉంది గనుక బలమైన నేల అనుకోవడం, నల్లకోటు వేసుకున్నాడు గనుక ప్లీడరు అనుకోవడం వంటిదే.

మూలశిల మాటా అంతే. నల్లరేగడి దక్కను లావా రాళ్ళనుంచి పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మహారాష్ట్రలో అది నిజం. సుమారు ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళనాడు ఉబికి గడ్డకట్టిన లావామీదనే అక్కడి రేగళ్ళు ఏర్పడ్డాయి. కాని కుందూ లోయలో ఆ లావా లేదు. అక్కడ అడుగున ఉన్నవి పలకరాయి, సున్నపురాయి. రాయి వేరైనా నేల ఒకే పోలికలో వచ్చింది. అంటే, ఆ రాళ్ళు ఇచ్చిన ముడిసరుకును నేలగా మలచడంలో ఎండావానల పాలు, పల్లపు భూముల పాలు తక్కువేమీ కాదు.

ఈ సంగతులన్నీ ఆమె పరీక్షలకోసం చదివినవే. ఆనాడు మళ్ళీ జ్ఞాపకం వచ్చాయి. మరునాడు తెల్లవారుజామున అక్కాతమ్ముళ్ళిద్దరూ గడ్డపార, పార పట్టుకుని బయలుదేరారు. మిట్టచేనులో ఒక గుంట, వంక చేనులో ఒక గుంట, మనిషి దిగి నిలబడేటంత లోతున తవ్వారు.

మిట్టచేను గుంటలో పైన బిరుసు పెళ్ళలు. కిందికి పోయేకొద్దీ మేకుల ఆకారంలో, ఏటవాలుగా ఒకదానిపై ఒకటి ఒరిగిన మట్టిబెడ్డలు. వాటి ముఖాలు ఎవరో చేతితో మెరుగు పెట్టినట్లు నున్నగా మెరుస్తున్నాయి. రేగడిలో ఉండే స్మెక్టైట్ అనే బంకమట్టి పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఏటేటా ఈ ఉబ్బూ తగ్గులలో బెడ్డలు ఒకదానిపై ఒకటి ఒరుసుకోగా ఏర్పడిన మెరుగు అది. ఈ మెరుగు, నెర్రెలు, నూటికి ముప్పై పాళ్ళకు తగ్గని బంకమట్టి, ఈ మూడూ ఉన్న నేలలనే శాస్త్రజ్ఞులు ‘వర్టిసాల్’ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు మూలం ‘తిరగవేయడం’.

వంక చేను గుంటలోనూ పై రెండడుగులదాకా ఇవే లక్షణాలు. ఆ కిందనే తేడా కనబడింది. మన్ను ఇటుకలాగా బిగిసిపోయింది. కిందటేటి జొన్నవేళ్ళు అక్కడిదాకా వచ్చి, లోపలికి చొరలేక, బెడ్డల ముఖాలమీద చదునుగా పరుచుకుని ఎండిపోయాయి. ఆమె పొర పొరకూ వేరువేరు సంచులు కట్టింది.

ఈసారి ప్రయోగశాలలో వచ్చిన అంకెల పక్కన ఆమె వాన లెక్కలు కూడా పెట్టుకుంది. ఆ ప్రాంతంలో ఏడాదికి కురిసేది ఏడువందల మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎండా గాలీ పీల్చుకోగల నీరు దానికి రెట్టింపు పైమాట. కాబట్టి నేలలోని లవణాలను కడిగి కిందికి దింపేటంత నీరు ఏనాడూ మిగలదు. సున్నం కంకరగా గట్టిపడి నేలలోనే ఉండిపోతుంది. కాల్షియం ఇలా సున్నంగా విడిపోయినకొద్దీ బంకమట్టిని పట్టుకుని ఉండే వాటిలో సోడియం పాలు పెరుగుతుంది. దానికి తోడు మిట్టలమీదనుంచి జారిన నీరు తనతో తెచ్చిన లవణాలను పల్లంలో దించి తాను ఆవిరైపోతుంది. సోడియం పెరిగిన మట్టి నీరు తగలగానే చెదిరి, సూక్ష్మరంధ్రాలను పూడ్చివేస్తుంది. వంక చేను అడుగుపొరలో ఆ సోడియం నూటికి పదిహేను దాటింది. గ్రామంలోని బోరునీళ్ళను పరీక్షిస్తే వాటిలో బైకార్బొనేటు హెచ్చుగా ఉంది. ఆ నీరు పారితే ఉన్న కాల్షియం కూడా సున్నమై పోతుంది. నాలుగైదేళ్ళలో చేను చవుడు తేలక తప్పదు.

ఇంటికి వచ్చి ఆమె అంకెలు చదవలేదు. రెండు గాజుగ్లాసులలో ప్రయోగశాలనుంచి తెచ్చిన శుద్ధజలం పోసి, ఒకదానిలో మిట్టచేను బెడ్డ, రెండవదానిలో వంక చేను అడుగుపొర బెడ్డ మెల్లగా వదిలి, కదిలించకుండా గూటిలో ఉంచింది. తెల్లవారి చూస్తే మొదటి గ్లాసులో బెడ్డ విచ్చి రాలిపడి ఉంది. దాని మీది నీరు తేటగానే ఉంది. రెండవ గ్లాసు నీరంతా పాలు విరిగిన కుండలాగా మురికి తెలుపు. తమ్ముడు ఆ గ్లాసు చేతికి తీసుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ పూట అన్నానికీ రాలేదు. కూడబెట్టుకున్న కోరిక కళ్ళముందే కరిగిపోతే ఎవరికైనా కష్టమే.

తండ్రి మాత్రం, “వానాకాలంలో ఆ మూలన నీళ్ళు ఇట్లనే తెల్లగా నిలబడతాయమ్మా. మా నాయన దాన్ని చవుటిచెక్క అనేవాడు. ఎందుకో మాకు తెల్దు,” అన్నాడు.

ఆయనకు తెలియనిది మరొకటి కూడా ఉంది. మిట్టచేనులో లేత జొన్న ఆకులు తెల్లచారలు తేలితే మంచు దెబ్బ అనుకుని ఏళ్ళతరబడి ఊరుకున్నాడు. అది జింకు లోపమని మొదటి కాగితమే చెప్పింది. ఆ సంగతి విని ఆయన నొచ్చుకోలేదు. “చెప్పేవాళ్ళు ఉంటే యినకపోదుమా?” అన్నాడు.

కొడుకుకు ఏదో ఒక దారి చూపాలని ఆమె ఆలోచించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో 1976 నుంచీ ఒక దీర్ఘకాల ప్రయోగం జరుగుతూ వచ్చింది. అక్కడ నల్లరేగడిలో ఎత్తు మళ్ళు, వాటి మధ్య కాలువలు తీసి, వానాకాలంలో బీడు పెట్టే పొలంలోనే ఆ కాలంలోనూ పంట తీశారు. పాత పద్ధతికంటే దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. కాని ఆ పద్ధతి వాన నిలకడగా కురిసే చోట్లకు తగినది. వాన లెక్కలు చూస్తే కుందూ లోయ ఆ సరిహద్దులో ఊగుతున్నది. అందువల్ల ఆమె మిట్టచేనులో ఒక్క ఎకరంలో చేసి చూడమంది. వంక చేనుకు నీరు నిలవకుండా కాలువ తీసి, ఒక ఎకరానికి జిప్సం వేసి చూడమంది. అప్పు జోలికి పోవద్దంది. తమ్ముడు కొన్నాళ్ళు ముభావంగా ఉండి, చివరకు కాలువ తానే తవ్వాడు.

బయలుదేరేముందు తండ్రి, “ఇంతకూ మన నేలకు మీ చదువులో పేరేమి?” అని అడిగాడు.

“మిట్టచేను టిపిక్ హాప్లస్టర్ట్. వంక చేను సోడిక్ హాప్లస్టర్ట్.”

ఆయన పకపక నవ్వాడు. ఆమె ఆ పేరును విడదీసి చెప్పింది. చివరి ‘అర్ట్’ అంటే వర్టిసాల్, తిరగబడే నేల. మధ్యనున్న ‘ఉస్ట్’ అంటే కాలినది, అనగా ఏటా కొన్ని నెలలు నేలలో తడి కరువయ్యే చోటు. మొదటి ‘హాప్ల్’ అంటే సాదా. ‘సోడిక్’ అంటే సోడియం చేరినది. నేల గుణం, ఆకాశం నడక, పల్లపు పాపం, అన్నీ ఒక్క పేరులో ఇమిడి ఉన్నాయి.

“రేగడి, చవుటిచెక్క అన్నా అంతే కదమ్మా,” అన్నాడాయన.

ఆమె కాదనలేదు. ఇంగ్లీషు గ్రంథాలలోకి ‘రెగర్’ అనే రూపంలో ఎక్కినది మన రేగడి అనే మాటే అని ఆయనకు చెప్పింది. ఆయన ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తరువాత పరీక్షల కాగితాలు రెండూ మడిచి, పెట్టెలో పట్టాదారు పుస్తకం పక్కన పెట్టాడు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. అదును దాటుతుందేమోనని ఊరంతా ఆకాశం వంక చూస్తున్న రోజుల్లో, మొదటి మంచి వాన వెలిసిన మరునాడు, కొడుకు వంక చేను గట్టున కూర్చుని నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నాడు.