పదివేల తలాంతుల లెక్క

సండే స్కూళ్లలో పిల్లలకు కనికరం, క్షమాపణ నేర్పడానికి ఎక్కువగా ఎంచుకునే పాఠం మత్తయి సువార్త 18వ అధ్యాయం చివర ఉంది. తప్పు చేసిన సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు సరిపోతుందా అని పేతురు అడుగుతాడు. జవాబుగా యేసు ఒక ఉపమానం చెబుతాడు. రాజుకు 10,000 తలాంతులు బాకీపడ్డ దాసుడు కాళ్లమీద పడితే, రాజు కనికరించి అప్పంతా కొట్టేస్తాడు. వాడే బయటికి వెళ్లి, తనకు 100 దేనారాలు ఇవ్వాల్సిన తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు.

గోదావరి ప్రాంతపు ఓ పల్లె చర్చిలో ఈ పాఠం చెప్పే టీచరమ్మ దగ్గర ఫ్లానెల్ బోర్డూ బొమ్మలూ ఉన్నాయి. ఈ పాఠానికి మాత్రం ఆమె వాటిని బయటికి తీయదు. సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల మీద లెక్క వేస్తుంది. దేనారం ఆనాటి ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. కూలి రోజుకు 500 రూపాయలనుకుంటే 100 దేనారాలు 50,000 అవుతాయి. 10,000 తలాంతులు 3,000 కోట్లు. 3 పక్కన సున్నాలు పెడుతుంటే పిల్లలు గట్టిగా లెక్కబెడతారు: మొత్తం పది. దాసుడు ఒక్క రోజు కూడా మానకుండా పనికి వెళ్లినా, తీర్చడానికి 1,60,000 ఏళ్లకు పైగా పడుతుంది. కనికరం ఎంత పెద్దదో చెప్పడానికి ఇంతకు మించిన ఉపాయం దొరకదు. ఆ 50,000 కూడా చిన్న అప్పేమీ కాదు. కూలి ఇళ్ల పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తోటివాడు చేసిన గాయం నిజమైన బాకీయే, ఉత్తుత్తిది కాదని లెక్కలోనే తేలిపోతుంది.

ఆ తరగతిలోనే ఓ పిల్ల వేసిన ప్రశ్న: “కొట్టినోడు తప్పొప్పుకోకపోతేనో టీచరమ్మా?” చాలాచోట్ల ఇలాంటి ప్రశ్న రాకుండానే ఇద్దరి చేతులూ కలిపించి, “సారీ” అనిపించి, కంఠత వాక్యంలోకి వెళ్లిపోతారు. జవాబు అదే అధ్యాయంలో, ఉపమానానికి ముందే ఉంది. తప్పు చేసినవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి తప్పు చూపాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. అంతకు ముందు, చిన్నపిల్లలను అభ్యంతరపరిచేవాడికి మెడకు తిరుగటిరాయి కట్టించుకుని సముద్రంలో మునగడమే మేలన్న కఠినమైన హెచ్చరిక ఉంది. ఇవన్నీ వదిలేసి క్షమాపణ ఒక్కటే నేర్పితే, దెబ్బ తిన్న పిల్లకు అందేది నోరు మూసుకొమ్మనే మాట. పెద్దల వల్ల కీడు జరిగిన పిల్లల విషయంలో అది ప్రమాదం కూడా.

టీచరమ్మ ఫిర్యాదు వేరే. వేసవి సెలవుల్లో జరిగే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్)లో టోపీలకు, ర్యాలీకి, యాక్షన్ సాంగ్స్‌కు సమయమూ చందాలూ ఉంటాయి. పాఠానికి మిగిలేది పావుగంట. ఇంగ్లండులో రాబర్ట్ రెయిక్స్ 1780లో సండే స్కూలు పెట్టింది వారమంతా పనిచేసే పిల్లలకు చదువు చెప్పడానికి. ఆ పిల్లలకు ఉన్నది ఆదివారం ఒక్కటే. ఇప్పుడు ఆదివారం దొరికే ఒక్క గంటలోనూ పాఠం వెనకబెంచీకి పోయింది.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారు 18వ అధ్యాయాన్ని ముక్కలు చేయకుండా, మొదటినుంచీ వరసగా కనీసం నాలుగు ఆదివారాలకు పంచి ఇవ్వాలి. సుద్దముక్క ఖర్చు తప్ప దానికి ఇంకేమీ అక్కర్లేదు.