తెరచాప మాది కాదు, పలక మాది

పలక అనగానే మీకు బలపం గుర్తొస్తుంది. మేం చెప్పబోయేది నీళ్ల మీద తేలే పలక గురించి. విండ్‌సర్ఫ్ బోర్డు అంటారే, అది. తెరచాప ఊడిపోయి మూలన పడేసిన పాత బోర్డు మీద నిలబడి తెడ్డేసుకుంటూ పోవడం గురించి.

మీకు నవ్వు రావచ్చు. సాయిబులేమిటి, ఈ షోకులేమిటి అనుకోవచ్చు. మేం రాస్తే పంక్చర్ షాపు గురించి రాయాలి, బురఖా గురించి రాయాలి, కర్ఫ్యూ గురించి రాయాలి. లేదంటే బిర్యానీ గురించి. మా పేచీ అక్కడే మొదలవుతుంది. మేం దేని గురించి ఏడవాలో, దేని గురించి మురవాలో కూడా మీరే లిస్టు రాసిస్తే ఇక మా చేతిలో కలం ఎందుకు?

అందుకే పలక గురించే రాస్తాం. మా గురించి చెప్పాల్సింది అందులోనే ఉంది.

గాలితో నడిచే ఈ పలక ఆట అమెరికాలో 1960లలో రూపు కట్టింది. పలక మీద నిలబడి, ఎటు కావాలంటే అటు వాలే కొయ్యకు కట్టిన తెరచాపను రెండు చేతులతో పట్టుకుని గాలిని బట్టి పోవాలి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో చేరింది. ఆ కాలపు పలకలు పొడవు, వెడల్పు, బరువు. పన్నెండడుగులవి ఉండేవి. గాలి చచ్చిపోయినా మనిషిని మునగనివ్వవు. తర్వాత వేగం మోజు పెరిగింది. పలకలు పొట్టివయ్యాయి, పల్చబడ్డాయి. గాలి బలంగా ఉంటేనే అవి నీళ్ల పైన జారతాయి. గాలి ఆగిందా, మనిషి బరువుకు కిందికి దిగిపోతాయి.

లెక్క తేలికే. పలక ఎన్ని లీటర్లో, తన బరువుతో కలిపి సుమారుగా అన్ని కిలోలు మోస్తుంది. వంద లీటర్ల కొత్త పలక మీద ఎనభై కిలోల మనిషి కదలకుండా నిలబడటం కష్టం. రెండు వందల లీటర్ల పాతది హాయిగా మోస్తుంది. అందుకే నిలబడి తెడ్డేసే ఆట, స్టాండప్ ప్యాడ్లింగ్, 2000 తర్వాత హవాయి నుంచి లోకమంతా పాకినప్పుడు చాలా దేశాల్లో జనం కొత్తవి కొనలేక అటకల మీది పాత విండ్‌సర్ఫ్ పలకలు దించారు. పనికిరానిదనుకున్నదే పనికొచ్చింది. గాలి లేనప్పుడు తేలేది పాతదే.

మాకు దొరికిన పలక కూడా అట్లాంటిదే. మా వాళ్లలో ఒకతను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. అక్కడి నుంచి తన దేశానికి వెళ్లిపోతున్న ఓ ఇంజనీరు దాన్ని పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాడు. కొయ్య లేదు, గుడ్డ లేదు. ఒక అంచు పగిలి ఉంది. పాతబస్తీలో ఫైబర్ పని చేసే మామూ దగ్గరికి మోసుకుపోయాం. మామూ జన్మలో విండ్‌సర్ఫింగ్ చూడలేదు. పలకను వేళ్లతో తట్టి తట్టి విన్నాడు. "లోపల నీళ్లు తాగింది బేటా, ముందు ఎండాలె" అన్నాడు. కొన్ని వారాలు నీడలో ఆరబెట్టాడు. లోపలిది థర్మోకోల్ జాతి నురగ కాబట్టి మామూలు పాలిస్టర్ రెజిన్ తగిలితే కరిగిపోతుందని, ఎపాక్సీయే పోయాలని చెప్పాడు. పైపొర ఫైబర్ కావడం మా అదృష్టం. పాలిథీన్ పొరదైతే ఆ జిగురు అంటదు, ప్లాస్టిక్ వెల్డింగే దిక్కు. కాళ్లు జారకుండా పైన గరుకు రంగు పూశాడు. తెడ్డు మన ఎత్తు కన్నా జానెడు ఎక్కువుండాలంటే అల్యూమినియం గొట్టంతో అదీ చేసిచ్చాడు. ఈ పనితనానికి ఏ కాలేజీ సర్టిఫికెట్టూ లేదు. మీ లెక్కల్లో మామూ 'అన్‌స్కిల్డ్'.

పలక సిద్ధమైంది. నీళ్లేవి?

హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలు చూపిస్తారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు, చరిత్ర అక్కడే మొదలైందంటారు. ఆ మేడల పక్కనే దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువది. కోటలో సుల్తానే కాదు, గుర్రాలకు గడ్డేసినవాడూ, తోలుతిత్తితో నీళ్లు మోసిన భిస్తీ కూడా ఆ నీళ్లే తాగారు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన తెరిచారు. ఇప్పుడు జనం వంతెన మీద నిలబడి ఫొటోలు దిగుతారు. చెరువు వెనక్కాల బొమ్మ అయిపోయింది.

ఇంకో చెరువు సంగతి. హుసేన్ సాగర్. 1560లలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో దాన్ని కట్టించిన హుసేన్ షా వలీ పేరే దానికి నిలిచింది. ఈ రోజు అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. సుహేమ్ షేక్ పెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సర్కారు బడుల పిల్లలకు, బస్తీల పిల్లలకు అక్కడ పడవ నడపడం నేర్పుతోంది. చెరువు పేరు పలికేవాళ్లలో ఎంతమందికి ఆ హుసేన్ ఎవరో తెలుసు?

ఆయన దర్గా గోల్కొండకు దగ్గర్లోనే ఉంది. ఆ దర్గా పేరనే మణికొండ జాగీరులో 1,654 ఎకరాల 32 గుంటల భూమి ఉందని వక్ఫ్ బోర్డు వాదించింది. ఐటీ కారిడార్ లేచింది ఆ చుట్టుపక్కలే. అది వక్ఫ్ కాదు, రాష్ట్ర ప్రభుత్వానిదే అని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు మాట కోర్టుది. దాన్ని ఇక్కడ తిరగదోడం. మేమడిగేది ఒక్కటే. భూమి ఎవరిదన్నది తేలింది. జ్ఞాపకం ఎవరిదన్నది ఏ కోర్టు తేలుస్తుంది? నగరానికి చెరువు కట్టినవాడి పేరు సైబరాబాద్ పటంలో ఏ సర్కిల్‌కు ఉంది?

ఇట్లా అనగానే మీరు ఒక మాట అంటారు. "మీరు ఏలినవాళ్లు కదా, ఆ గాలి ఇంకా వదల్లేదు" అని.

ఎవరు ఏలారు? తెరచాప మాదనుకుంటున్నారు మీరు. 1948 సెప్టెంబరులో గాలి మారింది, తెరచాప కూలింది, నిజమే. ఆ తెరచాపను పట్టుకున్న చేతులు మావి కావు. మా తాతలు దూది ఏకారు. తోళ్లు ఊనారు. టాంగాలకు లాడాలు కొట్టారు. నవాబు దేవిడీలో చెప్పులు వరసగా పెట్టారు. మేం తెరచాప కింది పలకలం. బరువు మోసింది మేం. తెరచాప కూలినప్పుడు మాత్రం దెబ్బ పలకకే తగిలింది. ఏలినవాడి లెక్క కూడా మా ఖాతాలోనే రాశారు.

అయినా పలక మునగలేదు. గాలి మాది కాకపోతే తెడ్డు పట్టాం.

ఊరి బయట ఒక తెలిసినాయన చెరువులో మొదటిసారి దించాం. లైఫ్ జాకెట్లు కట్టుకునే దిగాం. చేపలు పట్టే పెద్దమనిషి ఒకాయన థర్మోకోల్ దిమ్మెలు కట్టుకున్న తెప్ప మీంచి మమ్మల్ని చూసి "గిదేంది భాయ్, మా తెప్పకే రంగేసిండ్రా?" అన్నాడు. నిజం కదా! విశాఖ తీరంలో దుంగలు కట్టిన తెప్పల మీద గంగపుత్రులు తరతరాలుగా తెడ్డేస్తున్నారు. వాళ్లది బతుకుదెరువు కాబట్టి దానికి ఇంగ్లీషు పేరు రాలేదు. ఆయనే మాకు నిలబడటం నేర్పాడు. కాళ్లు ఎడంగా పెట్టు, మోకాళ్లు వదులు చెయ్యి, నీళ్లను కాదు ఎదురుగా గట్టును చూడు. మా కోడలు పిల్ల, గచ్చిబౌలిలో ఉద్యోగం, చున్నీ నడుముకు బిగించి మా అందరికన్నా ముందు నిలబడింది.

పలక మధ్యలో ఒక చీలిక ఉంటుంది. డాగర్‌బోర్డు అనే పొడవాటి రెక్క అందులోంచి నీళ్లలోకి దిగుతుంది. తెరచాప గాలికి పలక పక్కకు కొట్టుకుపోకుండా ఆపడం దాని పని. తెడ్డేసేటప్పుడు దాని అవసరం పెద్దగా లేదు, పైగా వేగం తగ్గుతుంది. చీలిక పూడ్చేసి నున్నగా చేసేద్దాం, అప్పుడు కొత్త బోర్డులా ఉంటుందన్నారు మాలో కొందరు. మామూ ఒప్పుకోలేదు. ఉండనీ, కొత్తగా నిలబడేవాళ్లకు కాస్త కుదురుగా ఉంటుందన్నాడు. నీళ్లలో దిగాక తెలిసింది. రెక్క దించినప్పుడు పలక ఊగడం తగ్గింది.

మా ఉర్దూ అట్లాంటిదే. మేం తెలుగులో రాసి బతుకుతున్నాం. తెలుగు మా చేతిలో తెడ్డు, ముందుకు పోయేది దానితోనే. ఉర్దూ నీళ్ల కింద ఉంది, మీకు కనపడదు. "ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది మీకు?" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో ఒక గుచ్చు ఉంది. అటు మా వాళ్లలో కొందరు "తెలుగులో రాసి ఏం సాధిస్తావ్ మియా" అంటారు. ఇద్దరూ చీలిక పూడ్చమనేవాళ్లే. ఒకరికి ఉర్దూ ఆనవాలు ఉండకూడదు, ఇంకొకరికి తెడ్డు ఉండకూడదు. సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమూ మొదలైంది. దాని క్యాంపస్ గచ్చిబౌలిలో, ఆ అద్దాల మేడల నడుమనే ఉంది. ఆ రోడ్డున రోజూ పోయేవాళ్లకు బోర్డు మీది అక్షరాలు కనిపిస్తాయి, భాష వినపడదు.

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విండ్‌సర్ఫింగ్‌లో మన దేశానికి కంచు పతకం తెచ్చినతని పేరు ఇబాద్ అలీ. అతను పోటీ పడింది ఆర్ఎస్‌ఎక్స్ అనే పలక తరగతిలో. 2008 నుంచి టోక్యో దాకా ఒలింపిక్స్‌లో ఉన్న పలక అది. తర్వాత తీసేసి, నీళ్ల పైకి లేచి ఎగిరే కొత్త రకం పెట్టారు. అంటే ఒలింపిక్స్ పాతదని పక్కన పెట్టిన పలక మీద అతను పతకం గెలిచాడు. తొంభై మూడు సెంటీమీటర్ల వెడల్పున్న ఆ పలకలు రేపు ఏ చెరువులోనో తెడ్డు పలకలవుతాయి, చూస్తూ ఉండండి. పతకం వచ్చిన రోజు అతను 'భారతీయుడు'. అదే పేరుతో ఐటీ కారిడార్‌లో మా పిల్లవాడు అద్దె ఇల్లు అడిగితే పేరు వినగానే ఫ్లాటు 'ఇప్పుడే ఇచ్చేశాం' అన్నారు. మర్నాడు చూస్తే టులెట్ బోర్డు అక్కడే ఉంది.

పాతది కాబట్టి మూలన పడెయ్యండి, లేదా రంగేసి కొత్తదని చెప్పుకోండి. ఈ రెండే దారులు చూపిస్తున్నారు మీరు. మాకు రెండూ వద్దు. మా పలక మీద అతుకు కనపడుతుంది. చీలిక కనపడుతుంది. తెరచాప కొయ్య బిగించిన గాడి కూడా కనపడుతుంది. దేన్నీ దాచలేదు. వాటితోనే తేలుతున్నాం. గాలి కోసం ఎవరి దయా అడగడం లేదు. చెరువులో కాస్త చోటు, చెరువుకు దాని పేరు. అడుగుతున్నది అంతే.