తప్పినది ఎవరు?

మా పాపను యు.కె.జి.లోనే యింకో యేడాది వుంచమని బడివారు కబురు చేసినప్పుడు నాకు మొదట కలిగినది సిగ్గు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే నా బిడ్డ అయిదేళ్ళకే తప్పిందని నలుగురూ నవ్వుతారేమోనని నా బెంగ. మధ్యతరగతి బుద్ధులు మనలో యెంత లోతుగా పాతుకుని వుంటాయో ఆనాడు నాకు తెలిసివచ్చింది.

కారణం కనుక్కుందామని వెళ్ళాను. పాప పరీక్ష కాగితం నా ముందు పెట్టారు. వంకాయ బొమ్మ చూపి పేరడిగితే పాప ‘వంకాయ’ అన్నది. అది తప్పు, ‘బ్రింజాల్’ అనాలట. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు గీతల మధ్య నిలవలేదు. అదీ తప్పే. వాళ్ళ నాయనమ్మ గుత్తివంకాయ కూర వండే తీరంతా పాప పూసగుచ్చినట్లు చెప్పగలదు. ఆ తెలివికి ఆ కాగితంలో మార్కు లేదు.

“పునాది గట్టిపడాలి గదండీ” అన్నది పంతులమ్మ. నలభైమంది పిల్లలను చాలీచాలని జీతం మీద సాకే ఆమెను నిందించి లాభం లేదు.

కిండర్‌గార్టెన్ అంటే పిల్లల తోట. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన బడికి 1840లో ఆ పేరు పెట్టాడు. ఆటా, పాటా, చేతిపనీ అక్కడి చదువు. ఆ తోటలను 1851లో ప్రష్యా ప్రభుత్వం నిషేధించింది. మన దేశంలో నిషేధించనక్కర లేకపోయింది. తోటనే పరీక్ష గదిగా మార్చుకున్నాము.

కొందరు పిల్లలకు అదనపు యేడాది అవసరమే, కాదనను. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్నది 2020 జాతీయ విద్యావిధానం. రెండున్నరేళ్ళకే నర్సరీలో వేసిన మా పాపకు యు.కె.జి. ముగిసేనాటికి అయిదున్నరే. పసివేళ్ళకు పెన్సిలు పట్టు కుదరకపోవడం లోపం కాదు, యెదుగుదలలో ఒక మెట్టు. తొందర మాది, శిక్ష పాపది.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి పధ్నాలుగేళ్ళ పిల్లలకు చదువును హక్కు చేసింది. ఒకటో తరగతి పిల్లను అదే తరగతిలో ఆపడానికి ఆ చట్టం ఒప్పుకోదు. అంతకు ముందున్న పసివాళ్ళకు ఆ రక్షణ లేదు. మార్కెట్టు కాచుకుని కూర్చున్నది సరిగ్గా ఆ సందులోనే.

మా యింట్లో పనిచేసే ఆమె కొడుకును కూడా యింకో బడిలో అలాగే ఆపారు. “మీ పాపకు యేడాది పోయింది సారూ. మావాడికి యేడాదీ పోయింది, ఫీజుకు తెచ్చిన అప్పూ మిగిలింది” అన్నది. నా దగ్గర మాట లేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీలలో తప్పడమూ లేదు, ఫీజూ లేదు. కాని నాబోటివాడు అటు కన్నెత్తి చూడలేదు. నన్ను చూచి ఆమె కూడా చూడలేదు. ఈ సంగతి దాచుకుని మాతృభాషపై యెన్ని ఉపన్యాసాలు యిస్తే యేం లాభం?

వయసును బట్టి పాపను మళ్ళీ యు.కె.జి.లోనే వుంచాము. “నువ్వు తప్పలేదమ్మా, మేమే తొందరపడ్డాము” అని చెప్పాను.

కాసేపు ఆలోచించి, “మరి వంకాయ అంటే తప్పా నాన్నా?” అన్నది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది పిల్లలు కాదు, పాఠం చెప్పే మనమే.