దీవుల ఉమ్మడి కాపురం

27 పరుగులకి ఆలౌట్! ఎవరనుకున్నారు? వెస్టిండీస్! 2025 జూలైలో, సొంతగడ్డ జమైకాలో, ఆస్ట్రేలియా చేతిలో. ఆ రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

1980 నుంచి పదిహేనేళ్లు ఒక్క టెస్టు సిరీసైనా ఓడని జట్టండీ అది! 1983లో మనం లార్డ్స్‌లో ప్రపంచకప్పు ఎగరేసుకుపోతే, ఆ శీతాకాలమే మనింటికొచ్చి టెస్టుల్లో 3-0తో చితక్కొట్టి పోయారు. మార్షల్ పేరెత్తితే నాన్నగారు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. 1995లో ఇదే సబీనా పార్కులో ఆ కోట కూలింది.

లీగుల డబ్బే కొంప ముంచిందంటారు. కావచ్చు. అసలు వెస్టిండీస్ ఒక దేశమేమిటి, చిన్నచిన్న దేశాల ఉమ్మడి కాపురం. నెగ్గినన్నాళ్లూ అందరిదీ ఒకే పొయ్యి!

అయినా 2024 జనవరిలో, కాలి బొటనవేలు చితికిన షమార్ జోసెఫ్ 7 వికెట్లు తీసి, ఆస్ట్రేలియాని దాని ఇంట్లోనే 8 పరుగులతో ఓడించినప్పుడు పాయసం వండాను. ఇవాళేం పండగన్నారు మావారు.